గుండు పక్క జాయింటు

ఐలేష్‌కు ఒక దురలవాటు ఉంది. తను చేయలేని పని ఇంకెవరూ చేయలేరని నమ్ముతాడు. మంచి వెల్డరే, కాదనను. వాడు అతికిన ప్రతి వరసనూ గ్రైండర్‌తో రుద్ది శుభ్రం చేసేది నేనే కాబట్టి వాడి పనితనం తెలుసు, వాడి పొగరూ తెలుసు.

మా పని ఇబ్రహీంపట్నం నుంచి కొంగరకలాన్ పోయే దారి పక్కన. సముద్రం ఒడ్డు నుంచి పట్నం దాకా భూమి కింద నడిచే లైను అది. ఒకే పైపులో ముందు పెట్రోలు పోతుంది, దాన్ని తోసుకుంటూ వెనక డీజిల్ పోతుంది. అది రాకముందు పట్నానికి చుక్క చుక్కా రైలు ట్యాంకర్లలోనే వచ్చేదట. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఇక్కడి ముక్కను పక్కకు జరపాల్సి వచ్చింది. రెండు వైపులా వాల్వులు మూశాం. పైపు ఖాళీ చేసి కోశాం. లోపలి ఆవిరి బయటికి రాకుండా పాత పైపు నోట్లో బంకమట్టి కూరాం. కొత్త ముక్కకు ఒక చివర అతకడం అయిపోయింది, ఇక ఆఖరి జాయింటు మిగిలింది. మిగతావాటిలా దాన్ని నీళ్లు నింపి పరీక్షించడానికి వీలుండదు. ఎక్స్‌రే ఏం చెబితే అదే.

ఆ జాయింటు మీద సింధు ఆశ పెట్టుకుంది. యాచారం పిల్ల. ఐటీఐలో నేర్చుకుని, పైపు వెల్డింగ్ పరీక్ష పాసై మా జట్టులో చేరింది. చేరిన దగ్గర్నుంచి ఐలేష్ ఆమెతో కంచె స్తంభాలే అతికించాడు. పైపుకు అటొకరు ఇటొకరు నిలబడి, పైనుంచి ఒకే వేగంతో అతుక్కుంటూ వచ్చి అడుగున కలవాలి. సింధుది ఎడమచేతి వాటం. "పుర్రచెయ్యి పోరి నా ఎదురుంగ నిలబడి ఏం అతుకుతది?" అనేవాడు. ఈ జాయింటుతో పని అయిపోతుంది, జట్టు విడిపోతుంది. మెయిన్ పైపు ముట్టకుండా వెళ్తే తర్వాతి లైనులోనూ ఆమెకు కంచె స్తంభాలే గతి. అది మా అందరికీ తెలుసు.

ఆ పొద్దున గోతి దగ్గర కొబ్బరికాయ కొట్టడానికి సింధు తాత నారయ్యను పిలిచాం. మొదట ఈ లైను వేసినప్పుడు ఇక్కడ పలుగు పట్టి తవ్విన కూలీల్లో ఆయన ఒకడు. సింధు కర్పూరం వెలిగించడానికి ఎడమ చేత్తో అగ్గిపుల్ల గీయబోయింది. ముసలాయన ఆ చేతి మీద చటుక్కున కొట్టాడు.

"ఎన్నిసార్లు చెప్పాలె? దేవుని కాడ గా చెయ్యేంది?"

చిన్నప్పుడు అన్నానికి కూర్చోబెట్టి ఆ చేతికి తువ్వాలు కట్టేసింది కూడా ఈయనే. ఐలేష్ కిసుక్కున నవ్వాడు. "తాతకే నచ్చలే, ఇగ నన్నంటరు!" నాకు ఒళ్లు మండింది. సింధు తలొంచుకుని అగ్గిపుల్ల కుడి చేతిలోకి మార్చుకుంది.

కొబ్బరి చిప్పలు పక్కన పెట్టాం. పని గట్టెక్కాకే ప్రసాదం ముట్టడం మా జట్టు పద్ధతి.

గోతిలో ఒక వైపు నల్లటి రాతి గుండు పొడుచుకొచ్చి ఉంది. అక్కడ పైపుకు ఎదురుగా కూర్చుంటే అది సరిగ్గా కుడి భుజం దగ్గరికొస్తుంది. మా రెండో వెల్డరు సుశాంత్ దిగాడు. మోచేయి గుండుకు తగులుతోంది, రాడ్డు పైపు అడుగుకు చేరడం లేదు. ఐలేష్ వాణ్ణి నాలుగు తిట్టి తనే దిగాడు. వంగాడు, ఒరిగాడు, వెల్లకిలా పడుకున్నాడు. మోచేయి దోక్కుపోయింది గానీ పని కాలేదు.

"గుండు పగలగొట్టాలె మేడం," అన్నాడు పైకి చూస్తూ.

మా ఇంజినీరు అరుణజ్యోతి ససేమిరా అంది. "పాత పైపు పక్కనే ఉన్నది. అదిరి ఏమన్నయితే ఎవరు జవాబు? మిషన్ పెట్టేదే లేదు."

"గీ గుండును మేమే ఇడిసిపెట్టినం," అన్నాడు గోతి అంచున కూర్చున్న నారయ్య. "పలుగులు వంగినయ్ గని అది కదల్లే. పైపునే పక్కకెళ్లి తిప్పిన్రు."

సింధు అప్పటికే తొడుగులు వేసుకుంటోంది. "నేను దిగుత మేడం. నా చెయ్యికి గుండు అడ్డం రాదు."

ఐలేష్ ఏదో అనబోయాడు. అరుణజ్యోతి వాడి వైపు చూడను కూడా లేదు. "దిగు. ఐలేష్, నువ్వు అవతలి పక్క."

"ఈమెతోటా?"

"జాయింట్ కావాల్నా, వద్దా?"

వాడు గొణుక్కుంటూ అవతలికి పోయాడు. పని మొదలైంది. ఆమెను వెనకేయాలని వాడు చెయ్యి తొందర పెట్టాడు. నేను అరవబోయేలోపే సింధు అంది: "అన్నా, జర నిమ్మళంగ రా. కింద కలువాలె గదా, పందెం గాదు."

ఐలేష్ చెయ్యి నెమ్మదించింది. ఒక ఆడపిల్ల మాట వాడు వినడం నేను చూసింది అప్పుడే. ఇద్దరి మంటలూ పైపు అడుగున కలిశాయి. వరస తర్వాత వరస, వాళ్లు అతుకుతుంటే నేను రుద్దుతూ పోయాను. ఆమె వైపు వరస కుట్టుమిషన్ మీద కుట్టినట్టుంది. నాకు పెద్దగా పని పెట్టలేదు.

ఎక్స్‌రే ఫిల్ము చూసే మనిషి దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు నిలబడ్డాడు. "మచ్చ లేదు. రెండు పక్కలా క్లియర్," అన్నాడు.

మేం పెట్టిన కేకలకు రోడ్డు మీది ఆటోలు ఆగాయి. సుశాంత్ హెల్మెట్ గాల్లోకి విసిరాడు. ఐలేష్ చేతుల మట్టి దులుపుకుని ఆమె దగ్గరికి పోయాడు. "వచ్చే లైన్ల నా ఎదురుంగ నువ్వే నిలబడాలె. ఇంకొకరు నాకొద్దు," అన్నాడు. నాకు వాడి మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

జాయింటుకు పూత పూసి, వాల్వులు తెరిచారు. పైపు సన్నగా అదరడం మొదలైంది. నారయ్య గోతిలోకి దిగి దాని మీద అరచేయి ఆనించాడు. "పోతున్నదే!" అన్నాడు పసివాడిలా.

తర్వాత కొబ్బరి పంచాడు. సింధు వంతు వచ్చింది. పొద్దున తిన్న దెబ్బ గుర్తుందేమో, జాగ్రత్తగా కుడి చెయ్యి చాచింది. ముసలాయన ముక్క పెట్టలేదు.

"గా చెయ్యి గాదు బిడ్డా," అన్నాడు. "జాయింట్ కొట్టిన చెయ్యి పట్టు."

సింధు మసి పట్టిన ఎడమ చెయ్యి చాచింది. ఆయన అందులో కొబ్బరి పెట్టి, ఆమె వేళ్లను తన రెండు చేతులతో మూశాడు. అందరి ముందూ ఏడుస్తూనే ఆ పిల్ల ఎడమ చేత్తోనే కొబ్బరి కొరికింది.