రెండు గంటల లోయ

వినుకొండకు ఇవతల, మిరప తోటల నడుమ ఇనుప కంచె చుట్టుకుని నిలిచిన నల్లగుంటపాడు సబ్‌స్టేషన్‌కు విజ్ఞాన లోకంలో గొప్ప కీర్తి ఉంది. ఆ సంగతి సబ్‌స్టేషన్‌కే తెలియదు. అక్కడినుంచి తూర్పు పొలాలకు వెళ్లే ఫీడరు లైను మీద వ్యవసాయ మోటార్లు వాడుకునే కరెంటు ప్రతిరోజూ మధ్యాహ్నం రెండు గంటలకు ఠక్కున సగానికి పడిపోయి, మూడింటికి మళ్లీ యథాస్థానం చేరుకుంటుందని శశిభూషణ్ కనిపెట్టాడు. గీత గీసి చూస్తే అది రెండు కొండల మధ్య లోయలా ఉండేది. ఆ లోయ మీద మూడు పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. వాటిలో ఒకదాన్ని ఆస్ట్రియా దేశపు సదస్సులో చదివారు. చదివింది మాత్రం శశిభూషణ్ కాదు, విమానం టికెట్టు కొనుక్కోగలిగిన సహరచయిత.

శశిభూషణ్‌కు నలభై మూడేళ్లు. గుంటూరు శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో పదహారేళ్లుగా అసిస్టెంట్ ప్రొఫెసరు, తొమ్మిదేళ్లుగా పరిశోధక విద్యార్థి. ఈ విద్యా సంవత్సరం ముగిసేలోగా డాక్టరేటు రాకపోతే ఉద్యోగం ఉండదని యాజమాన్యం సవినయంగా ఒక కాగితం ఇచ్చింది. ఆ కాగితాన్ని అతడు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు, తాయెత్తులా.

అతని సిద్ధాంతం నిజానికి పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది. నల్లగుంటపాడులో ఫీడర్లు రెండు, ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. రెండు ఫీడర్ల మోటార్లూ ఒకేసారి తిరిగితే అది మోయలేదు గనుక వంతులవారీగా కరెంటు ఇస్తారు. తూర్పు ఫీడరు రెండింటికి కునుకు తీస్తోంది గనుక ఆ గంటలో పడమటి ఫీడరుకు కూడా కరెంటు వదలవచ్చు. పడమటి రైతుకు రోజూ ఒక గంట లాభం, తూర్పు రైతుకు నష్టం లేదు. ఇంతమాత్రం చెప్పడానికి శశిభూషణ్‌కు రెండు వందల ముప్పై పుటలు, నలభై ఒక్క సమీకరణాలు, మిణుగురు పురుగుల గుంపు సంచారాన్ని అనుకరించే ఒక గణన పద్ధతి అవసరమయ్యాయి. సబ్‌స్టేషన్‌లోని ఐదేళ్ల రీడింగుల పుస్తకాలను మింగి, ఆ మిణుగురులు రేపటి రీడింగును నూటికి తొంభై ఎనిమిదిన్నర పాళ్లు సరిగ్గా చెప్పగలిగేవి. విద్యుత్ సంస్థవారు ముచ్చటపడి, ఫిబ్రవరి మొదటి సోమవారం నుంచి ఈ పద్ధతిని నల్లగుంటపాడులోనే పరీక్షిస్తామని లేఖ రాశారు.

వైవా అంతకు వారం ముందు సోమవారం. బయటినుంచి వచ్చే పరీక్షకుడు మీటరు ఫొటో ఒకటి జతచేయమన్నాడు. కాబట్టి శనివారం ఉదయం శశిభూషణ్ తన కీర్తికి పుట్టినిల్లయిన సబ్‌స్టేషన్‌లో, తొమ్మిదేళ్లలో రెండోసారి, కాలు పెట్టాడు.

షిఫ్టు ఆపరేటర్ బుడాన్ టీ గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. ఉద్యోగంతో పాటు తూర్పు ఫీడరు కిందే ఎకరన్నర మిరప కౌలుకు చేస్తున్నాడు.

“రండి రండి డాక్టరు గారూ! అయిపోయినట్టేగా?”

“ఎల్లుండి బుడాన్ గారూ. తూర్పు ఫీడరు మీటరు ఫొటో ఒక్కటి తీసుకుని పోతాను.”

“దాని ఫొటో ఎందుకు సార్? మాడిపోయి ఉంటేను!”

“ఎప్పుడు?”

“ఆరేళ్లయింది. పిడుగు పడిందిగా. మీకు చెప్పలేదా ఎవరూ?”

శశిభూషణ్ గోడకున్న నల్లని మీటరు పెట్టె దగ్గరికి వెళ్లాడు. “మరి ఈ ఐదేళ్ల పుస్తకాలు? గంట గంటకీ రీడింగులు?”

“నేనే రాశాగా!” బుడాన్ ముఖంలో కళాకారుడి వెలుగు కనిపించింది. “పొద్దున్నే వచ్చి, టీ తాగుతా రోజంతటికీ ఒక్క దెబ్బన రాసేస్తా. గడి ఖాళీగా ఉందంటే పై ఆఫీసునుంచి మెమో వచ్చుద్ది సార్. మీటరు కాలితే మాత్రం ఎవడూ అడగడు.”

“రెండింటికి సగానికి పడిపోతుంది చూడండి, అది?”

“అది నేను అన్నానికి ఇంటికిపోయే టయిం. మనిషి లేనప్పుడు పెద్ద అంకె ఉంటే, అంత లోడు వదిలేసి ఎక్కడికి పోయావురా అని అడుగుతారు. అందుకని తగ్గించి రాస్తా.”

“నిజంగా ఆ వేళ మోటార్లు ఆగవా?”

“ఏంది సార్, మీరు మరీనూ! మిరపకి నీళ్లు కావాల్సినప్పుడు ఎవడాపుతాడు? అందరియీ ఆటో స్టార్టర్లే. కరెంటు రావటం ఆలస్యం, వాటంతటవే లేస్తయ్. నా మోటారూ అంతేగా.”

“రెండు ఫీడర్లూ కలిస్తే... భారం మించితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉందిగా?”

“ఆ రిలే కూడా ఆ పిడుగుకే పోయింది. ట్రాన్స్‌ఫార్మరు మూలిగిందంటే నాకు తెలిసిపోద్ది, పరిగెత్తి ఆపేస్తా.” బుడాన్ కుడిచెవి పట్టుకుని చూపించాడు. “ఇదే సార్ రిలే.”

ఆ విధంగా మిణుగురుల మహాసైన్యం ఐదేళ్ల చీకటినంతా గాలించి సాధించిన పరమరహస్యం బుడాన్ భోజన విరామమని తేలింది. ఒక మనిషి మనసును నూటికి తొంభై ఎనిమిదిన్నర పాళ్లు చదవగలిగిన శాస్త్రం తన చేతుల్లో పుట్టినందుకు శశిభూషణ్ గర్వించవలసింది. అతడు ఫొటో కూడా తీయకుండా గుంటూరు బస్సెక్కాడు.

సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో తన పరిశోధన గైడు రాధాకృష్ణమూర్తి గారి వరండాలో కూర్చుని అంతా చెప్పాడు. ఆయన ఇరవై నాలుగు మందిని డాక్టర్లను చేసిన మహానుభావుడు. శశిభూషణ్ ఇరవై ఐదోవాడు, ఆయన రిటైర్మెంటుకు ముందు ఆఖరివాడు. ఆయన కళ్లు మూసుకుని, కచేరీ వింటున్నట్టు తలాడిస్తూ విన్నారు.

“శశీ, మన గ్రంథంలో ఏమని రాశాం? సబ్‌స్టేషన్ రీడింగుల పుస్తకాల ఆధారంగా అని. పుస్తకాలున్నాయా?”

“ఉన్నాయి సార్.”

“అందులో రీడింగులున్నాయా?”

“ఉన్నాయి సార్, కానీ...”

“మరి అబద్ధం ఎక్కడుందయ్యా?”

“ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది సార్.”

“కాలితే అది వేరే పరిశోధన. నీ తరవాత వచ్చేవాడికి ఇద్దాం.” ఆయన కళ్లు తెరిచారు. “నోరు విప్పావో, నీ తొమ్మిదేళ్లూ పోతాయి. ఆ జేబులో కాగితం మాత్రం మిగులుతుంది. ఆలోచించుకో నాయనా.”

ఆదివారమంతా శశిభూషణ్ నిజాన్ని చెప్పడానికి తగిన వాక్యం కోసం వెతికాడు. మొదట అది అరపేజీ ఉంది. కొట్టివేసి, కొట్టివేసి, సాయంత్రానికి మూడు మాటలకు దించాడు: బుడాన్ అన్నానికి వెళతాడు. తన పరిశోధన జీవితంలో అంత పొందికైన వాక్యం అతడు రాయలేదు.

వైవాలో పరీక్షకుడు తానడిగిన ఫొటో సంగతే మరిచి, నలభై ఒక్క సమీకరణాలనూ గౌరవంగా దాటేసి లోయ దగ్గర ఆగాడు. “అన్నీ బాగున్నాయి. నాకు ఒక్కటే సందేహం. ఈ లోయ ఎందుకు ఏర్పడుతోంది?”

రాధాకృష్ణమూర్తి గారు సీలింగు ఫ్యానును పరిశీలించసాగారు. మూడు మాటలూ శశిభూషణ్ నాలుక మీదికి వచ్చి వరసలో నిలబడ్డాయి. అతని చెయ్యి మాత్రం చొక్కా జేబును తడుముకుంది.

“సామాజిక, ప్రవర్తనా కారణాల వల్ల సార్,” అన్నాడు.

“అద్భుతం!” అన్నాడు పరీక్షకుడు. “మన ఇంజనీర్లు మనిషిని మరిచిపోతున్నారు. మీరు మరవలేదు.”

చప్పట్లు మోగాయి. సమోసాలు వచ్చాయి. శశిభూషణ్ డాక్టర్ శశిభూషణ్ అయ్యాడు. ఆ సాయంత్రమే కొత్త డాక్టరు బుడాన్‌కు ఫోన్ చేశాడు.

“వచ్చే సోమవారం నుంచి మధ్యాహ్నం రెండింటికి సబ్‌స్టేషన్ వదిలి వెళ్లకండి.”

“ఏం సార్? ఏమన్నా ఉందా?”

చెప్పవలసింది చాలా ఉంది. “ఏం లేదు, ఊరికే,” అన్నాడు.

“డాక్టరు కాంగానే మా అన్నం మీద పడ్డారే!” అని బుడాన్ పగలబడి నవ్వాడు.

ఫిబ్రవరి మొదటి సోమవారం రెండు గంటలకు, ఎక్కడో దూరాన ఉన్న విద్యుత్ సంస్థ కంప్యూటరు పడమటి ఫీడరుకు కరెంటు వదిలింది. తూర్పున మోటార్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి. పడమట ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారిగా మేలుకున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది. వినవలసిన చెవి కిలోమీటరు దూరంలో కంచం ముందు ఉంది. రెండూ ఏడుకు నల్లగుంటపాడు మీద నల్లని పొగ లేచింది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఇదిగో వస్తోంది, అదిగో వస్తోందని పదిహేను రోజులు గడిచాయి. శశిభూషణ్ పదహారో రోజున వెళ్లాడు. బుడాన్ తోటలో పూత రాలిపోయింది. ఆకులు ముడుచుకున్నాయి. ఉన్న కాయ పండకుండానే తెల్లబడి, ఎందుకూ పనికిరాని తాలుగా మారింది. చుట్టూ ఏ తోట చూసినా అదే.

బుడాన్ సబ్‌స్టేషన్‌లోనే ఉన్నాడు. గడ్డం పెరిగింది.

“రండి సార్. ఊరంతా నన్ను తిడుతున్నారు. తిట్టాల్సిందే. అందరికీ చెప్పా, మా డాక్టరు గారు ముందే ఫోన్ చేసి మరీ చెప్పారయ్యా, నేనే యినలా అని.”

శశిభూషణ్ బల్ల దగ్గరికి నడిచాడు. ఆ మూడు మాటలు చెప్పడానికి ఇంతకంటె మంచి సమయం ఇక రాదు. వినవలసిన మనిషి కూడా ఎదురుగానే ఉన్నాడు. “బుడాన్ గారూ, తప్పు మీది కాదు, నేను...” అన్నాడు. కళ్లు దాచుకోవడానికి బల్ల మీది రీడింగుల పుస్తకం తెరిచాడు. ఊళ్లో దీపం వెలగని పదిహేను రోజులకూ గంట గంటకీ అంకెలున్నాయి. రెండింటి దగ్గర లోయ కూడా ఉంది.

“కరెంటే లేదుగా! ఇవి...?”

“గడి ఖాళీగా ఉండకూడదుగా సార్. పైగా మీరు కనిపెట్టిన లెక్క. నా చేత్తో ఎందుకు పాడుచెయ్యాలి?”

ఫోన్ మోగింది. రాధాకృష్ణమూర్తి గారు.

“శశీ, శుభవార్త! రీడింగుల పుస్తకం నకలు విద్యుత్ సంస్థవాళ్లకు చేరింది. పరీక్షాకాలంలో మన అంచనా నూటికి తొంభై తొమ్మిదిట! ట్రాన్స్‌ఫార్మర్ సంగతి వేరే విభాగం చూసుకుంటుంది. నలభై సబ్‌స్టేషన్లకు విస్తరిస్తారు, నీ సంతకం ఒక్కటే తక్కువ. నేనే పెట్టి పంపనా?”

ఎదురుగా బుడాన్ గోడ గడియారం చూసి, సంచిలోంచి స్టీలు క్యారియరు తీశాడు. ఇంటికి వెళ్లలేదు. కుర్చీని కాలిన ట్రాన్స్‌ఫార్మర్ వైపు కిటికీ దగ్గరికి జరుపుకుని, కుడిచెవి అటు తిప్పి కూర్చున్నాడు.

“ఆ రోజునుంచి ఇక్కడే తింటున్నా సార్,” అన్నాడు. “మీరు చెప్పారుగా.”

“శశీ? ఉన్నావా?”

గడియారం రెండు కొట్టింది.

“పంపండి సార్,” అన్నాడు డాక్టర్ శశిభూషణ్.