దిద్దుబాటుకు రాని కాగితం

మేనేజరు వైరు పీకినప్పుడు, హాలంతా పిన్ని అని పిలిచే ఆవిడ ఇంకా టైపు చేస్తూనే ఉంది. తెర నల్లబడ్డాక కూడా ఆవిడ వేళ్ళు రెండు మాటలు కొట్టాయి. పాతికేళ్ళ అలవాటు, కరెంటు పోయిందన్న కబురు వేళ్ళకు చేరడానికి కాస్త సమయం పడుతుంది.

"పేజీ సగంలో ఉంది సార్."

"సగంలో ఉన్నది పేజీ కాదు, నీ మిషను ప్రాణం. కొత్త సాఫ్ట్‌వేర్ దీనిమీద ఎక్కదు. వచ్చే సోమవారం నుంచి కొత్త మిషను ఉన్నవాళ్ళకే పని. లేనివాళ్ళు హాయిగా ఇంట్లో పడుకోవచ్చు."

ఆ హాల్లో ఇరవైమంది ఆడవాళ్ళు. రికార్డుల ఆఫీసులో మగ్గిపోతున్న పాత కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించడం వాళ్ళ పని. మిషను ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఆఫీసుకూ వాళ్ళకూ మధ్య ఒక కాంట్రాక్టరు, కాంట్రాక్టరుకూ వాళ్ళకూ మధ్య ఈ మేనేజరు. కొత్త మిషన్లు అమ్మే దుకాణం కాంట్రాక్టరు బావమరిదిది. ఈ సంగతి హాల్లో గోడలక్కూడా తెలుసు.

మూల బల్ల దగ్గర ఒత్తులక్క ఇదంతా చూసింది. టైపు అయిన పేజీలన్నీ తప్పులు దిద్దేది ఆమే. గుణింతం తప్పితే క్షమిస్తుందేమో గాని, ఒత్తు తప్పితే క్షమించదు. మొగుడు రాసిన సరుకుల చీటీ కూడా ఎర్ర పెన్నుతో దిద్దిగాని కొట్టుకు పంపదు. అలాంటి మనిషి, పిన్ని వైరు చుట్టుకుంటుంటే తలెత్తలేదు. ఎవరూ ఎత్తలేదు. మిగతా కీబోర్డులు మరింత గట్టిగా మోగాయి, అంతే.

సాయంత్రం మెట్ల దగ్గర, వాళ్ళలో ఒక కొత్తావిడ అందరినీ ఆపింది. చేరి మూడు నెలలైంది. ఏం చెప్పబోయినా ముందు "నిదానం" అంటుంది గనక ఆ పేరే స్థిరపడింది.

"నిదానం. పాత మిషన్లు పారెయ్యకండి. వాటిమీద నడిచే సిస్టమ్ వేరే ఉంది. మన ఆఫీసు పనికి సరిపోయే సాఫ్ట్‌వేరూ దానిమీద ఎక్కుతుంది. ఆదివారం లాండ్రీ వెనక గదికి రండి."

"ఎంతకమ్ముతున్నావేంటి?" అంది టపాకాయ. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమె నోరు విన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

"అమ్మడం లేదు. ఊరికే."

ఆ ఒక్క మాటతో అందరి ముఖాలూ బిగుసుకున్నాయి. ధర చెప్పి ఉంటే బేరమాడేవాళ్ళు. ఊరికే అనేసరికి అనుమానించక తప్పింది కాదు.

ఒత్తులక్కకైతే మూడు రోజులూ అవే ప్రశ్నలు. ఈవిడ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? మిగతా హాళ్ళు వదిలేసి ఇక్కడికే ఎందుకొచ్చింది? ఇంత తెలిసిన మనిషి మనతోపాటు పాత కాగితాలు టైపు చేసుకుంటూ కూర్చోవడమేమిటి?

అనుమానంతోనే ఆదివారం అందరికంటే ముందు వెళ్ళింది. ఇస్త్రీ ఆవిరి వాసన నిండిన గదిలో పిన్ని మిషను మళ్ళీ వెలిగింది. తెరమీద తెలిసిన బొమ్మ ఒక్కటీ లేదు.

"ఈ సిస్టమ్ వాడేవాళ్ళు తక్కువ," అంది నిదానం. "అందుకని మన పనికి సరిపోయే సాఫ్ట్‌వేర్ దీనికి రెడీమేడ్‌గా దొరకదు. దాన్ని రాసినవాళ్ళు అసలు రాతంతా, అంటే సోర్సుకోడు, ఎవరైనా తీసుకునేలా బయటే పెట్టారు. అది తెచ్చుకుని మన మిషను మీదే వండుకోవాలి. పాత మిషను కదా, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఉడుకుతుంది."

"ఇక్కడ కూడా వంటేనా మన ఖర్మ?" అంది టపాకాయ.

"వండేది మిషనే. మనం మాడకుండా చూసుకుంటే చాలు. ఇంకో మాట. నేను మీట ముట్టుకోను. ఎవరి మిషను మీద వాళ్ళే ఎక్కించుకోవాలి."

"చూశారా? రేపు పట్టుబడితే చేతులు మనవి, తెలివి ఆవిడది!" అంది టపాకాయ.

"పట్టుబడితే కాదు, నేను లేకపోతే. అప్పుడు ఎవరు ఎక్కిస్తారు?"

పిన్నే ముందు కూర్చుంది. తెరమీద అక్షరాలు చీమలబారులా పైకి పాకుతూనే ఉన్నాయి. రెండుసార్లు ఆగిపోయింది, రెండుసార్లూ మొదటికొచ్చారు. ఎండ వాలాక ఆగకుండా పూర్తయింది. రికార్డుల పేజీ ఒకటి తెరిస్తే ఒత్తులన్నీ అక్షరాల కిందనుంచి జారి పక్కన పడున్నాయి. ఒత్తులక్క ప్రాణం ఉసూరుమంది. నిదానం చెప్పినట్టు పిన్ని ఫాంటు మార్చింది. ఒత్తులు ఎక్కడివక్కడ సర్దుకున్నాయి.

"ఈ ఫైలు రికార్డుల ఆఫీసులో తెరుచుకుంటుంది. నేను వెళ్ళి కనుక్కున్నా," అంది నిదానం. "శుక్రవారంలోపు పది నమూనా పేజీలిస్తే పని నేరుగా మనకే ఇస్తారట. మధ్యలో కాంట్రాక్టరు ఎందుకు?"

ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఒక్కరికీ తట్టనందుకు అందరికీ కాస్త సిగ్గేసింది.

సోమవారం హాలు తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. "మేనేజరు గారికి విగ్నప్తి. లాండ్రీ వెనక గదిలో కొత్తగా చేరిన ఆవిడ దొంగ సాఫ్ట్‌వేర్ పంచుతోంది. తోటి టైపిస్టుగా మీకు తెలపడం నా బాద్యత." కింద సంతకం లేదు.

"మీ గుట్టు మీవాళ్ళే చెప్పారు," అన్నాడు మేనేజరు, నవ్వు దాచుకోకుండా. "క్షమాపణ రాసిచ్చినవాళ్ళకు లోపల చోటుంది. మిగతావాళ్ళ సంగతి పోలీసులు చూసుకుంటారు."

మెట్లమీద గోల మొదలైంది. ఇరవైమంది ఇరవై ముక్కలయ్యారు. నువ్వు నిన్న పెందలాడే ఎందుకు వెళ్ళావంటే నువ్వెందుకు మాట్లాడలేదని. చివరికి అన్ని వేళ్ళూ నిదానం వైపే తిరిగాయి.

"ఈవిడే రాసుంటుంది! ముందు ఇరికించింది, ఇప్పుడు అప్పగించింది," అంది టపాకాయ.

"తన పేరు తనే ఇచ్చుకుంటుందటే?" అంది పిన్ని.

"నాటకం పిన్నీ! నీకు తెలీదు."

ఒత్తులక్క ఆ కాగితం పీకి, కళ్ళజోడు పెట్టుకుని, అలవాటు ప్రకారం పెన్ను తీసింది. చదువుతూ చదువుతూ ఆగింది.

"ఇది మనలో ఎవరూ టైపు చెయ్యలేదు."

"నీకెలా తెలుసక్కా?"

"పదకొండేళ్ళుగా మీ తప్పులతోనే కాపురం చేస్తున్నా. టపాకాయ్, నువ్వు కామా ముందు ఖాళీ వదుల్తావు. పిన్ని 'ళ' బదులు 'ల' కొడుతుంది. నిదానం దీర్ఘాలు మింగేస్తుంది. విజ్ఞప్తిని 'విగ్నప్తి' అనీ, బాధ్యతని 'బాద్యత' అనీ రాసే మహానుభావుడు ఈ బిల్డింగులో ఒక్కడే. అతగాడి ప్రతి నోటీసూ నేను దిద్దాకే గోడెక్కుతుంది. ఈ ఒక్కటే నా చేతికి రాలేదు."

మెట్లమీద ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. నవ్వు ఆగాక టపాకాయ మెల్లగా అడిగింది: "మరి లాండ్రీ గది సంగతి వాడికెలా తెలిసింది?"

ఒత్తులక్క కళ్ళజోడు తీసేసింది. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది, కాని బయటికి రాలేదు.

"నేనే. శనివారం మేనేజరుకు దిద్దిన నోటీసు ఇవ్వడానికి వెళ్ళి, ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్ వాడితే జైల్లో పెడతారా సార్ అని అడిగా. ఎవరిస్తున్నారన్నాడు. నోరు జారా. నాకు ఆవిడమీద అనుమానం. వాడిమీద రాలేదు చూడండి, ఇన్నేళ్ళుగా మన నెత్తినెక్కి కూర్చున్నవాడిమీద!"

నిదానం వచ్చి ఆమె పక్క మెట్టుమీద కూర్చుంది.

"అడగడం తప్పు కాదక్కా. అడగాల్సింది వాణ్ణి కాదు, మనలో మనం."

ఒత్తులక్క ఆ కాగితంలో తప్పులన్నిటికీ ఎర్ర సున్నాలు చుట్టి, అంచున సరైన మాటలు రాసింది. కింద ఇరవైమందీ సంతకాలు చేశారు. పిన్ని తీసుకెళ్ళి మేనేజరు బల్లమీద పెట్టి, "దిద్దాం సార్, ఇక అంటించుకోండి," అని వచ్చేసింది. ఆ రోజు హాల్లోకి ఒక్కరూ అడుగుపెట్టలేదు.

గురువారం మధ్యాహ్నం పోలీసు జీపు లాండ్రీ ముందు ఆగింది. అప్పటికి అందరూ మిషన్లు అక్కడికే తెచ్చుకుని ఎనిమిది నమూనా పేజీలు పూర్తిచేశారు. పిన్ని ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాగితం చూపించింది: ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు.

"పంచుకోవచ్చని రాసుందా?" ఇన్‌స్పెక్టరు దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. "అసలు అనుమానమంతా ఇక్కడే ఉంది." నిదానాన్నీ, పిన్ని మిషన్నీ జీపెక్కించాడు.

జీపు మలుపు తిరగకముందే ఒత్తులక్క తన మిషను వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. ఆమెను చూసి టపాకాయ. ఆ వెనక మిగతా అందరూ. పంతొమ్మిదిమంది, చంకల్లో, నెత్తిమీద, ఇస్త్రీబట్టల తోపుడుబండి మీద పద్దెనిమిది మిషన్లతో స్టేషనుకు నడిచారు. దారిలో పక్క టైపింగు హాలువాళ్ళు కిటికీల్లోంచి చూశారు. నలుగురు దిగొచ్చి వెంట నడిచారు.

ఇన్‌స్పెక్టరు భోజనానికి వెళ్ళాడు. స్టేషను టైపిస్టు ఒక్కడే తలుపు దగ్గర బల్లముందు ఉన్నాడు. బల్లమీద ముసలి మిషను. తెరమీద, స్టేషనుక్కూడా అంటగట్టిన ఆ కాంట్రాక్టరు సాఫ్ట్‌వేర్ "మీ మిషను సరిపోదు" అని మెరుస్తోంది.

అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "అమ్మా, మీరు ఎక్కించేదేదో దీనిమీద కూడా ఎక్కుతుందా?"

ఒత్తులక్క అతణ్ణి కిందనుంచి పైదాకా చూసింది. ఉచ్చేమో. కాకపోనూ వచ్చు. వెనక్కి తిరిగి మిగతావాళ్ళను చూసింది. టపాకాయ భుజాలెగరేసింది.

"ఎక్కుతుంది. కాని ఇది చాలా పాతది, రేపు పొద్దుటి దాకా ఉడుకుతుంది. అంతసేపూ మేమంతా ఇక్కడే కూర్చోవాలి. మా నమూనా పేజీలు ఇంకా రెండున్నాయి, అవీ ఇక్కడే కొట్టుకుంటాం. లోపలున్న మా మనిషిని ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టండి, మీకు నేర్పాలి. ప్లగ్గులెక్కడున్నాయో చూపించండి."

అతను లేచి ప్లగ్గులు చూపించాడు. ఇన్‌స్పెక్టరు తిరిగొచ్చేసరికి గుమ్మంలో అడ్డంగా ఒక వైరు. దాన్ని దాటితే ఇంకో వైరు.