మూడు రోజుల డెబ్బై రెండు

మగవాళ్ల వార్డులో దాదాపు అందరి నాడీ డెబ్బై రెండే. నలభై మంచాలు, ఇద్దరు నర్సులు, నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్న నేను. డాక్టరు వచ్చేలోగా చార్టులన్నీ నిండాలి. నిండేవి.

"ఒక్కొక్కళ్ల చెయ్యి పట్టుకుని కూర్చుంటే మనకి మధ్యాహ్నమవుతుంది పిల్లా," అని ఇన్‌ఛార్జి సిస్టర్ మొదటిరోజే చెప్పింది. "మొహం చూడు. బాగుంటే డెబ్బై రెండు, ఆయాసపడుతుంటే తొంభై."

పదకొండో మంచం దర్జీ తాతది. గుండె బలహీనమై చేరాడు. రోజూ పొద్దున ఒక డిజాక్సిన్ మాత్ర. ఆరోజు కూడా మాత్ర చేతిలో పెట్టి, చార్టులో అంకె వేసేశాను.

"చెయ్యి పట్టుకోకుండానే రాసేశావా అమ్మాయ్? నేనిలా కొలత లేకుండా కుట్టుంటే ఒక్క చొక్కా ఎవడికీ పట్టేది కాదు."

"నాది కంటి కొలత తాతా."

నవ్వాడు. "కళ్లంటే గుర్తొచ్చింది. నిన్నటినుంచి దుప్పటి పసుపుపచ్చగా కనిపిస్తోంది. ఉతకడం మానేశారా ఏంటి?"

"మానేశారులే, ముందు మింగు."

మింగాడు. టిఫిన్ ప్లేటు మాత్రం ముట్టకుండా పక్కకి నెట్టేశాడు.

రెండింటికి ఫార్మకాలజీ క్లాసు. మేడం బోర్డు మీద ఒకే పేరు రాసింది. డిజాక్సిన్.

"ఇది గుండెని బలంగా, నెమ్మదిగా కొట్టుకునేలా చేస్తుంది. వేసిన మందులో సగం ఒంట్లోంచి పోవడానికే ఒకటిన్నర రోజు. కిడ్నీలు మందగించిన ముసలివాళ్లలో ఇంకా ఎక్కువ. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది వేస్తాం. మందు పేరుకుంటుంది. అందుకని?"

ముందు వరసలో ఒకమ్మాయి అందుకుంది. "గుండె మీద స్టెతస్కోపు పెట్టి నిండు నిమిషం లెక్కపెడతాం మేడం. అరవైకి తగ్గితే మాత్ర ఆపి డాక్టరుకి చెబుతాం."

"పేరుకుంటే ముందు ఏం కనబడుతుంది?"

మేడం తనే బోర్డు మీద రాస్తూ చెప్పింది.

"ఆకలి చస్తుంది. వస్తువులు పసుపుపచ్చగా కనిపిస్తాయి."

నేను లేచి బయటికి పరిగెత్తాను. మేడం పిలుస్తున్నా ఆగలేదు.

పదకొండో మంచం చుట్టూ అప్పటికే తెర లాగేశారు. తాతకి స్పృహ లేదు. నాడి ముప్పై ఎనిమిది. డాక్టరు చేతిలో చార్టు.

"పొద్దున డెబ్బై రెండు. మూడు రోజులుగా అంతే. అంటే ఇప్పుడే పడిపోయింది. కొత్తగా హార్ట్ ఎటాక్ వచ్చుంటుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంజెక్షన్ తియ్యండి."

ఇన్‌ఛార్జి సిస్టర్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నోరు మెదిపావంటే నీ చదువుకి ఇవాళే ఆఖరు," అంది చెవిలో. చార్టులో ముందు రెండు రోజుల అంకెలు ఆమె చేతిరాతే.

ఇంకో నర్సు సిరంజిలోకి మందు లాగుతోంది.

"ఆ అంకెలు అబద్ధం సార్," అన్నాను. "ఇవాళ్టిది నేను చూడకుండా రాశాను. నిన్నా మొన్నా కూడా ఎవరూ చూడలేదు. తాతకి నిన్నటినుంచి అన్నీ పసుపుపచ్చగా కనిపిస్తున్నాయి."

డాక్టరు చార్టు మంచం మీద పడేశాడు. "ఇంజెక్షన్ ఆపండి. ఇది మాత్ర చేసిన పని."

విరుగుడు మా స్టోర్లో లేదు. ఇంకో ఆసుపత్రి నుంచి రావడానికి రెండు గంటలు. నన్ను వెళ్లిపొమ్మంటాడనుకున్నాను. నా చేతికి స్టెతస్కోపు ఇచ్చాడు.

"కూర్చుని లెక్కపెట్టు. ప్రతిసారీ నిండు నిమిషం."

ముప్పై ఆరు. గుండె వేగం పెంచే ఇంజెక్షన్ ఇచ్చారు. నలభై రెండు. మళ్లీ ముప్పై మూడు. ఇరవై తొమ్మిది. ప్రతి అంకె చార్టులో రాశాను.

విరుగుడు పెట్టె మెట్లెక్కుతుండగా నా చెవిలో చప్పుడు ఆగింది. అరగంట పాటు ఛాతీ నొక్కారు. అది తిరిగి రాలేదు.

వరండాలో తాత భార్య నా చెయ్యి పట్టుకుంది. "పొద్దున డెబ్బై రెండు, బాగానే ఉందన్నారు కదమ్మా. ఒక్కపూటలో ఏమైపోయింది?"

వార్డు గుమ్మంలోంచి ఇన్‌ఛార్జి సిస్టర్ నన్నే చూస్తోంది.

"ఒక్కపూటలో కాదు పెద్దమ్మా. మూడు రోజులు. మేం చూడలేదు."

ఆమె నా చెయ్యి వదిలేసింది.