మరిది చెయ్యి పడని కారు

కారు కొనడం అరగంటలో అయిపోయింది. అసలు తతంగం ఆ తర్వాతే మొదలైంది.

గ్రేట్ సౌత్ రోడ్డు పొడవునా పాత కార్ల దుకాణాలే. వాటిలో ఒకదాని వెనక గదిలో గ్రాంట్ అనే తెల్లాయన ఫిలేమును కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్ళిచ్చి, మొహం దిగులుగా పెట్టాడు. అప్పటిదాకా ఆ వెండిరంగు జపాను కారు బంగారమని పొగిడిన మనిషే, ఇప్పుడు దాని గేర్‌బాక్సు గురించి మంచాన పడ్డ మేనత్త సంగతి చెప్పినట్టు చెప్పుకొస్తున్నాడు. ముందు గదిలో నిక్షేపంలా ఉన్న బండికి వెనక గదికి వచ్చేసరికి ఏ రోగం తగిలిందో ఆ దేవుడికే తెలియాలి.

"కారన్నాక ఏదో ఒకటి వస్తుంది మేడమ్. రేప్పొద్దున నడిరోడ్డు మీద ఆగిపోయిందే అనుకోండి, ఎవరికి ఫోన్ చేస్తారు?" అన్నాడు.

ఈ ప్రశ్న వెయ్యగానే ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకి డబ్బు గుర్తొస్తుందట. అప్పుడు నెమ్మదిగా పొడిగింపు వారంటీ కాగితాలు బయటికి తీస్తారు. ఫిలేముకు మాత్రం డబ్బు గుర్తు రాలేదు. మతాయో గుర్తొచ్చాడు.

మతాయో ఆమె మరిది, పోయిన మొగుడు సెమిసికి తమ్ముడు. విమానాశ్రయం గోదాములో పెట్టెలు మోసే ఉద్యోగం. కానీ తమ దీవులవాళ్ళంతా కలిసే మాంగెరె చర్చిలో ఎవరి కారు దగ్గినా ముందు వినిపించేది అతని చెవికే. పైసా పుచ్చుకోడు. వచ్చిన చిక్కంతా అదే. పైసా పుచ్చుకోని మనిషిని ఏం పెట్టి పంపాలి? శనివారం పొద్దున్నే పెళ్ళాంతో, నలుగురు కొడుకులతో దిగుతాడు. అతను బానెట్ కింద తల పెడితే కొడుకులు ఫ్రిజ్‌లో తలలు పెడతారు. చేమదుంపల్లాంటి టారో దుంపలు ఉడకెయ్యాలి, కొబ్బరిపాలు పిండాలి, మాంసం వేసిన సేమ్యా బేసిన్ నిండా కలపాలి. సాయంత్రానికి కారు స్టార్టవుతుంది. నాలుగైదు బోల్టులు మిగిలిపోతాయి.

"కంపెనీవాళ్ళు ఎక్కువ బిగించేస్తారు వదినా. ఉత్త బరువు," అని వాటిని జేబులో వేసుకుంటాడు.

ఏ గొట్టమైనా కారితే పెళ్ళాం నడుముకు చుట్టుకునే పాత లావాలావా చింపి, మందారపువ్వుల గుడ్డతో కట్టు కడతాడు. అంతా అయ్యాక భోజనాల దగ్గర అన్నయ్యను తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. అతన్ని ఓదార్చి, గిన్నెలు తోముకుని పడుకునేసరికి ఫిలేముకు తల ప్రాణం తోకకొస్తుంది. పాత కారు చివరి రోజుల్లో ప్రతి శనివారం ఇదే వరస. ఊరికే చేసిపెట్టే ఆ రిపేర్ల పుణ్యమా అని ఆమె ఏనాడూ నెలకు ఒక్క బియ్యం బస్తాతో సరిపెట్టుకున్న పాపాన పోలేదు.

గ్రాంట్ కాగితం ఆమె వైపు తిప్పాడు. "ఒక్క షరతు మాత్రం ఉంది. ముందే చెప్పడం నా ధర్మం. మా వర్క్‌షాపువాళ్ళు తప్ప బండి మీద ఇంకో చెయ్యి పడకూడదు. పడిందా, వారంటీ పోయినట్టే."

"ఇంకో చెయ్యంటే?"

"అదే మేడమ్, ప్రతి ఇంట్లోనూ ఒకాయన ఉంటాడు కదా. అన్నీ నాకొచ్చు అనేవాడు. బావగారో, మరిదిగారో."

ఫిలేము కుర్చీలో ముందుకు జరిగింది. "మరిది ముట్టుకోకూడదని ఇందులో రాసుందా?"

"అలాగని కాదు గానీ, ఎవరూ ముట్టుకోకూడదని రాసుంది."

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఆ షరతు చదివి లేచిపోయినవాళ్ళను గ్రాంట్ చాలామందిని చూశాడు. దాన్ని చూసి కొన్నది ఈమె ఒక్కతే. మూడేళ్ళకు రెండువేల ఆరువందల డాలర్లు. ఆరునెలలకోసారి నూనె మార్చే ప్లాను కూడా అందులోనే. అదో లెక్కా అనుకుంది ఫిలేము, టారో దుంపల ఖర్చు తెలిసిన మనిషి కాబట్టి.

కొన్నంత సులువు కాదు, కొన్నానని చెప్పడం. పరాయివాడికి డబ్బు పోసి సొంత మరిదిని కాదందని తెలిస్తే ఇంకేమైనా ఉందా? చర్చి మెట్లు దిగేలోపే ఆమె మీద తీర్మానం అయిపోతుంది. అందుకని నోరు మెదపలేదు.

మొదటి ఆదివారం ప్రార్థన అయ్యీ అవగానే మతాయో చేతులు రుద్దుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు. "ఏది వదినా, బానెట్ తియ్యి. కొత్త కోడలి మొహం చూడనీ."

"తెరుచుకోవడం లేదు మతాయో. ఏదో పట్టేసినట్టుంది."

"పట్టేస్తే నేను లేనూ? స్క్రూడ్రైవర్ ఒకటి పెట్టి లేపితే..."

"అబ్బే, రంగు పోతుంది," అని ఆమె గబగబా ఎక్కి కూర్చుంది.

తర్వాతి ఆదివారం అమ్మినవాళ్ళే కొన్నాళ్ళు చూసిపెడతారట అంది. ఆ పైవారం నుంచి కారును రెండు వీధుల అవతల పెట్టి నడిచి రావడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పికి నడక మంచిదని డాక్టరు చెప్పాడని కూడా అంది. మతాయో ఆమె మొహం కేసి చూశాడు. తిక్క మనిషే గానీ తెలివితక్కువవాడు కాదు.

"నా చెయ్యి పడితే ఏమవుతుంది వదినా? అన్నయ్య కారు పదకొండేళ్ళు నేనే చూశాను కదా," అన్నాడు.

ఆమె తాళాలు సంచీలో పడేసి, "ఎండగా ఉంది, పద," అంది.

ఆ తర్వాత అతను అడగడం మానేశాడు. శనివారాలు రావడమూ మానేశాడు. ఫిలేము కావాలనుకున్నది అక్షరాలా అదే. మొదటి శనివారం కాళ్ళు చాపుకుని టీవీ చూసి, రెండు ముక్కలు రొట్టె కాల్చుకుని తిని, స్వర్గమంటే ఇదే అనుకుంది. రెండో శనివారం కూడా అలాగే అనుకుంది, కాస్త గట్టిగా. మూడో శనివారం టారో దుంపలు పెద్ద గిన్నె నిండా ఉడకబెట్టి, ఎవరి కోసం ఉడకబెట్టానా అని దాని ముందు నిలబడిపోయింది. తర్వాత నాలుగు రోజులు ఆ దుంపలే తిన్నది, తన మీద తనకే ఒళ్ళుమండుతుంటే.

అలా మూడు నెలలు గడిచాక కారు ఆగిపోయింది. తెల్లవారుజాము షిఫ్టుకని విమానాశ్రయానికి వెళుతుంటే, దారిలో పెద్ద చప్పుడొకటి చేసి, ముందుకూ పోక వెనక్కీ పోక మొరాయించింది. విమానాశ్రయంలో టాయిలెట్లు, కారిడార్లు కడిగే పని ఆమెది. అయ్యో అనుకునే ముందు ఆమె అనుకున్నది, అమ్మయ్య, కాగితం ఉంది కదా అని. వారంటీవాళ్ళు లారీ పంపి బండిని వాళ్ళ వర్క్‌షాపుకు మోసుకుపోయారు. షిఫ్టు మాత్రం పోయింది. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైన మనిషి. ఆ వేళకు బస్సులుండవు. కారు లేకపోతే ఉద్యోగం లేదని సూపర్‌వైజరు మర్యాదగానే చెప్పాడు.

మర్నాడు పొద్దున ఆమె గుమ్మం మెట్ల మీద కూర్చుని టారో చెక్కు తీస్తుంటే, మతాయో పనిముట్ల పెట్టె పట్టుకుని గేటు తోసుకుని వచ్చాడు. మూడు నెలల్లో అదే రావడం.

"నీ కారు లారీ ఎక్కి ఊరేగడం మన చర్చివాళ్ళు ముగ్గురు చూశారు. ఎక్కడుందో చెప్పు. నువ్వు తిట్టినా సరే, చూస్తాను," అన్నాడు.

ఇంక దాచేదేముందని ఆమె వారంటీ సంగతి చెప్పేసింది. అతను పెట్టె కింద పెట్టి, పై మెట్టు వదిలేసి కింది మెట్టు మీద కూర్చున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

అంతలో ఫోను మోగింది. చేతులు తడిగా ఉన్నాయని ఆమె మోచేత్తో స్పీకరు నొక్కింది.

"హాయ్ ఫిలేము, నేను జేడ్‌ని, వారంటీ కంపెనీ నుంచి. ఈ కాల్ రికార్డవుతోంది. మీ గేర్‌బాక్సు మొత్తం పోయిందండీ. కంగారు పడకండి, అది మీ ప్లాన్లో ఉంది."

ఫిలేముకు కళ్ళు మూతలు పడినంత హాయి కలిగింది.

"కాకపోతే చిన్న విషయం. రేడియేటర్ గొట్టానికి గుడ్డ కట్టి ఉందట. ఫొటో పంపించాను, చూడండి. పువ్వుల గుడ్డ."

చూడక్కర్లేకపోయింది. మతాయో తల దించుకుని చెప్పు కొనతో మట్టి గీస్తున్నాడు.

"గొట్టానికీ గేర్‌బాక్సుకీ ఏమిటమ్మా సంబంధం?" అంది ఫిలేము.

"సంబంధం ఏమీ లేదండి. నిబంధన ఉంది," అంది జేడ్ చాలా మర్యాదగా. "బయటివాళ్ళ చెయ్యి పడితే వారంటీ మొత్తం రద్దవుతుంది. అందుకే రూలు ప్రకారం ఒక ప్రశ్న అడగాలి. ఆ కట్టు ఎవరు కట్టారో మీకు తెలుసా? తెలియకపోతే తెలియదని చెప్పండి. పాత ఓనరు చేసిన పని అని రాసుకుంటాను. మంగళవారానికి కారు మీ ఇంటి ముందుంటుంది." ఆ పైన పిల్లకు మందు తాగించే తల్లిలా మెత్తగా అంది. "చాలామందికి తెలియదండీ."

మతాయో ఒక్క ఉదుటున లేచాడు. నోటి మీద వేలు పెట్టుకున్నాడు. తలను అటూ ఇటూ ఊపాడు. 'తెలియదను, తెలియదను' అని పెదవులతోనే చెబుతున్నాడు. తనను చూపించుకుని, వీడెవడో పోనీ అన్నట్టు చెయ్యి విసిరాడు.

తెలియదు. ఒక్క మాట. నాలుగువేల డాలర్ల గేర్‌బాక్సు, ఉద్యోగం, రెండూ దక్కుతాయి. అబద్ధాలు ఆమెకు కొత్త కాదు, కారు కొన్న కొత్తలో ఆదివారానికొకటి ఆడింది. కానీ ఈ అబద్ధం మాత్రం వేరు. ఇన్నాళ్ళూ తను చేసింది ఈ మనిషెవరో తెలియనట్టు తిరగడమే కదా. దానికి డబ్బు కట్టి మరీ తిరిగింది. ఇప్పుడు అదే మాట నోరు తెరిచి, అతని ఎదురుగా, రికార్డులో చెప్పమంటున్నారు.

"తెలుసు. మా మరిది. పేరు మతాయో," అంది.

మతాయో రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. అవతల టైపు చేస్తున్న చప్పుడు ఆగింది.

"ఓ. సారీ ఫిలేము. అలాగైతే ఇంక మేమేం చెయ్యలేం. మిగతా కాలానికి నూనె మార్చే ప్లాను కూడా రద్దయినట్టే. నేను ఇంకేమైనా సాయం చెయ్యగలనా? ఈ కాల్ తర్వాత మీకో సర్వే వస్తుంది, అయిదు స్టార్లకి ఎన్ని ఇస్తారో నొక్కితే చాలు."

ఫిలేము అయిదూ నొక్కింది. పాపం, ఆ పిల్ల తనకు చేతనైనంత చేసింది.

ఫోను ఆగగానే మతాయో విరుచుకుపడ్డాడు. "నీకు బుద్ధుందా వదినా? వచ్చే గేర్‌బాక్సుని కాలితో తన్నావు. నన్ను ఎరగనంటే నేను అరిగిపోతానా?"

"అది ఎప్పుడు కట్టావు?"

"పోయిన నెల. నువ్వు పాటలవాళ్ళతో నిలబడ్డప్పుడు నీ సంచీ మా ఆవిడ ఒళ్ళోనే ఉంటుందిగా, తాళాలు తీసుకున్నాను. ప్రసంగం జరుగుతుంటే వెళ్ళి రెండు వీధులు వెతికాను. బండి కింద నీళ్ళు కారుతున్నాయి. చూసి ఎలా ఊరుకోను? ఇంజను మాడిపోతే దారిలో ఒంటరిగా నిలబడేది నువ్వే కదా." అతని గొంతు తగ్గింది. "ఒక మాట చెప్తాను, కోప్పడకు. గేర్‌బాక్సు బాగుచెయ్యడం నాకు రాదు. ఎప్పుడూ రాదు. నాకు వచ్చిందల్లా గొట్టాలూ, బోల్టులూ."

"తెలుసు."

"తెలుసా? ఎప్పటినుంచి?"

"మీ అన్న చెప్పాడు. పెళ్ళయిన కొత్తలోనే."

మతాయో ఆమెను చూసి, పెట్టెను చూసి, దాని మీదే కూలబడ్డాడు. "మరి పనికెలా వెళ్తావు?" అన్నాడు.

"నువ్వు దింపుతావు. నీ గోదామూ అటే కదా."

"దింపుతాను. అదెంత పని." మొహం తుడుచుకున్నాడు. "అయితే శనివారం పిల్లల్ని తీసుకుని వస్తాను."

"రా."

"వచ్చి ఏం చెయ్యను? నీకిప్పుడు కారే లేదుగా."

"తినండి," అంది ఫిలేము. ఇంకో దుంప తీసుకుని చెక్కు తియ్యడం మొదలుపెట్టింది.