గుండ్రంలో గంగాధరప్ప

ఏమప్పా తిప్పేషూ, నిన్నే. చెనిక్కాయలు తీసుకొని, హనుమంతమ్మకు దుడ్లు పంపేకి ఫోను తీసి, అట్ల నోరు తెరుచుకొని నిలబడినావేంది? మూసుకో, ఈగ దూరుతాది. నెంబరు కొడితే ఆయమ్మ పేరు పక్కన గుండ్రంలో ఒక బొమ్మ వచ్చింది గదా? అది చూసి నీ మొగం సున్నం కొట్టినట్ల అయిపోయె. అప్పుడే పంపొద్దు, రోంతసేపు ఆగు. కాలేజీ చదివినోడివి, దయ్యాలు లేవంటావు. లేవులే. ఈ బండ మీద కూర్చో, ఆ గుండ్రం సంగతి చెప్తా.

హనుమంతమ్మ మరిది ఓబుళేసు తెలుసు గదా నీకు. ఆయప్ప చేతిలో మోసపోని మనిషి మన ఊర్లో లేడు. పెండ్లికొడుకు చెప్పులు ఎత్తుకపోయి పెండ్లికూతురి ట్రంకుపెట్టెలో దాచిపెట్టినోడు. బెళుగుప్ప బస్సు ఈ పొద్దు రాదని చెప్పి, ఊరందరినీ ఇంటికి పంపించి, తానొక్కడే సీట్లో పండుకొని పోయినోడు.

ఆయప్ప అన్న గంగాధరప్ప పోయి ఏడాది దాటింది. పోయేముందు తమ్ముని చెయ్యి పట్టుకొని, "చేను ఎవురికీ ఇయ్యొద్దురా" అన్నాడు. ఓబుళేసు "ఊ" అన్నాడు. ఆ పొద్దు ఆ గదిలో ఇంకెవురూ లేరు. ఆ ఊ వాళ్లిద్దరికే తెలుసు.

మల్ల సోలారు కంపెనీవాళ్లు వచ్చినారు. అన్నదమ్ముల చేను ఒకటే చెక్క, మొత్తం కౌలుకు ఇస్తే అద్దాలు పరుస్తామన్నారు. వాన లేని చేన్లో గుంటక తోలి తోలి ఓబుళేసుకు యాష్ట వచ్చిండాది. సరేనన్నాడు. అయితే హనుమంతమ్మ కూడా ఒప్పుకోవాల. ఆయమ్మ కుదరదనింది.

"మీ అన్న ఆ చేన్లోనే ఉండాడప్పా. ఆయప్పను లేపి యాడికి పొమ్మనేది?"

ఉండాడంటే నిజంగానే ఉండాడు. మొగుని గళ్లచొక్కాను ఆయమ్మ ఎవురికీ ఇయ్యకుండా చేన్లో బెదురుబొమ్మకు తొడిగింది. తలకాయ బదులు కుండ, కుండకు సున్నంతో కండ్లు. జేబులో బీడీకట్ట కూడా పెట్టింది. ఊర్లో ఆడోళ్లు ఇదేం పనని తిట్టినారు. "బతికుండగా ఆయప్ప దగ్గితేనే పందులు పారిపోతాండె. ఇప్పుడు చొక్కా చూసి పోతాయి" అనింది.

ఇంక ఆయమ్మను ఆ చేనంటేనే భయపడేటట్ల చేయాలని ఓబుళేసుకు బుద్ధి పుట్టింది. దారి ఆయమ్మ ఫోన్లోనే దొరికింది. అంతకుముందు ఒకసారి హనుమంతమ్మ అడిగిండె, "బ్యాంకు యాప్‌లో అందరి పేర్ల పక్కన మొగాలు ఉండాయి. నా పేరు పక్కన ఖాళీ గుండ్రం ఉండాది, మనిషి లేనట్ల. నాది కూడా పెట్టప్పా" అని. అప్పుడు ఓబుళేసే నేర్పించినాడు.

"ఇదో వదినా, రెండు మెట్లు. ముందు ఫోటో ఎక్కించాల. ఎక్కిస్తే సరిపోదు, అది లోపలే పడుంటాది. మల్ల ఈడ 'పెట్టు' అని నొక్కాల. అప్పుడు నీకు దుడ్లు పంపేవాళ్లందరికీ కనపడతాది."

ఆయమ్మ తానే రెండు మూడు సార్లు ఎక్కించి, పెట్టి చూసుకునింది.

ఒక ఆదివారం పొద్దున, "పింఛను పడిందేమో చూసి ఇస్తా, ఫోను ఇయ్యి వదినా" అని తీసుకొని, ఎండ ఎక్కినాక ఓబుళేసు చేన్లోకి పోయినాడు. నడిమధ్యాన్నం. కాకి కూడా లేదు. ఆకు కదలడంలే. బొమ్మ మీద గళ్లచొక్కా మాత్రం రోంత కదిలినట్ల అనిపించింది. గట్టు మీద నిలబడి, ఫోను మీద వేలు ఆనించి, బొమ్మ సరిగ్గా పడేదాకా అని అట్లే ముందుకు నడిచినాడు. ఫోను టకటకమని కొట్టుకునింది. ఎండకు చెడిపోతాందేమో అనుకున్నాడు. బొమ్మ ముందర గొంతుక్కూర్చొని, వెలుతురుకు అద్దం కనపడక తువ్వాలు తలమీదుగా కప్పుకొని చూసినాడు. మొదటి ఫోటో బాగా వచ్చింది. దూరంగా, చిన్నగా, చేతులు చాపుకొని అన్న నిలబడినట్లే ఉండాది. ఎక్కించినాడు. పెట్టినాడు. పొద్దు వాలినాక ఫోను తీసుకపోయి, "పింఛను రాలేదు వదినా" అని ఇచ్చేసినాడు.

సాయంత్రం ఆయమ్మ అరుచుకుంటా వస్తాదని కాచుకొని కూర్చున్నాడు. రాలేదు. పొద్దున కొళాయి కాడ కనపడి, "బాగుండావా మరిదీ" అనింది, అంతే.

చూసిందో లేదో తెలుసుకుందామని ఓబుళేసు తన ఫోన్లో వదిన నెంబరు కొట్టినాడు. బొమ్మ ఉండాది. అయితే నిన్న గట్టు కాడినుంచి తీసినట్ల ఉండె గదా, ఈ పొద్దు సగం చేను దాటి వచ్చినట్ల ఉండాది. కండ్లు నలుపుకొని మల్ల చూసినాడు. ఫోన్ల సంగతి ఇట్లే ఉంటాదిలే అనుకున్నాడు.

మరుసటి రోజు చొక్కా గళ్లు కనపడినాయి. ఆ తర్వాత జేబు, జేబులో బీడీకట్ట. బొమ్మకు కాళ్లు లేవప్పా, పాతిన కట్టె ఒకటే. అయినా వస్తాండాది.

ఓబుళేసు అన్నం ముట్టడం మానేసినాడు. చేని దారి విడిచి చుట్టూ తిరిగి బస్సుకు పోతాండె. యాడన్నా ఎవురన్నా దగ్గితే మెడ మీద వెంట్రుకలు లేస్తాండె. గంగాధరప్ప దగ్గేది అట్లే, ముందు ఒకటి చిన్నది, తర్వాత పెద్దది.

తట్టుకోలేక వదినను అడిగినాడు. "ఫోన్లో నీ ఫోటో ఏమన్నా మార్చినావా?"

"నా మొగానికి ఏమయిందప్పా? నువ్వే నేర్పిస్తివి, నువ్వే పెట్టిస్తివి." ఆయమ్మ చేటలో చెనిక్కాయలు చెరుగుతా తల ఎత్తలేదు. "ఏం, మీ అన్న ఏమన్నా అగుపించినాడా?"

ఓబుళేసు వచ్చిన దారినే లేచి పోయినాడు.

మరుసటి రోజు గుండ్రం నిండా కుండే. రెండు సున్నం కండ్లు ఓబుళేసునే చూస్తాండాయి.

ఆ మరుసటి పొద్దున కంపెనీ మనిషి వచ్చి అరుగు మీద కాగితాలు పరిచినాడు. ముందు నీ సంతకం, తర్వాత ఆయమ్మది అన్నాడు. ఓబుళేసు పెన్ను పట్టుకున్నాడు. ఇంకొక్కసారి చూద్దామని నెంబరు కొట్టినాడు.

గుండ్రంలో బొమ్మ లేదు.

ఒక మనిషి గొంతుక్కూర్చొని ఉండాడు. తలమీద తువ్వాలు, మొగం లేదు. ఆ తువ్వాలు ఓబుళేసుదే. ఆ తెగిన చెప్పు కూడా. పైనుంచి, సరిగ్గా బొమ్మ నిలబడిన తావునుంచి చూస్తే ఎట్ల కనపడతాడో అట్ల ఉండాడు. ఆ తలమీద ఆశీర్వాదం ఇచ్చినట్ల ఒక గళ్లచొక్కా చెయ్యి చాచిండాది.

పెన్ను కింద పడింది.

"మేము ఇయ్యము సార్. మా అన్న ఒప్పుకోలేదు."

"మీ అన్న పోయినాడని చెప్తిరి గదా?"

"పోయినాడు. మల్ల నడిచి వచ్చినాడు."

కంపెనీ మనిషి కాగితాలు మడుచుకొని పోయినాడు. ఓబుళేసు వదిన ఇంటికి పోయి గడప కాడ కూలబడినాడు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే హనుమంతమ్మ కూతురు సరళ ఆ పొద్దు మల్ల ఇంటికి వచ్చిండాది.

"వదినా, చేను నీదే, దున్నుకో. అన్న పోయేముందు చేను ఇయ్యొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. నేను ఊ అన్నా. ఆ ఊ కోసమే వచ్చినాడు."

సరళకు నవ్వు ఆగలేదు. "చిన్నాయనా, ఆ ఆదివారం నేను సెలవుకు వచ్చింటి, నేనూ అమ్మా బొమ్మ వెనక కందిసాళ్లలో సంగటి తింటాంటిమి. నువ్వు వేలు తీయకుండా నడిస్తే ఫోను వరసగా తీసుకుంటానే పోయింది. అన్నీ అమ్మ ఫోన్లోనే ఉండె. దూరం నుంచి దగ్గరదాకా, రోజుకు ఒకటి అమ్మే ఎక్కించింది, అమ్మే పెట్టింది. నాయన నీకాడికి నడవలేదు, నువ్వే నాయన కాడికి నడిచినావు. కడపటిది నేను నా ఫోన్లో తీసిందే, నాయన చొక్కా వెనక నిలబడి."

ఓబుళేసు మొగం చూడాలప్పా.

అయితే హనుమంతమ్మ నవ్వలేదు. చేట కింద పెట్టింది. "ఫోటోలు మావేలే. ఆ ఊ సంగతి మాకు తెలియదు గదప్పా" అనింది. సరళ నవ్వు కూడా ఆగిపోయింది. ముగ్గురూ చేని తట్టు తిరిగి చూసినారు.

లేచి పోతా పోతా ఓబుళేసు, "ఇంక ఆ ఫోటో తీసెయ్యి వదినా" అన్నాడు.

"ఎక్కించేది నేర్పిస్తివి, పెట్టేది నేర్పిస్తివి. తీసేది నేర్పలేదు గదా మరిదీ."

ఇంక పంపు తిప్పేషూ, భయపడద్దు. ఆ తువ్వాలు కింద ఉండేది దయ్యం గాదు. ఊరందరినీ మోసం చేసిన మన ఓబుళేసే. ఎవురు చెనిక్కాయలు కొన్నా ముందు ఆయప్ప దర్శనం చేసుకోవాల్సిందే.