మూడు నిమిషాలకొకసారి

ఆ రోజు పుంగనూరు ఇంట్లో ఐదుగురున్నారు. పాత క్యాసెట్ల దుమ్ము తుడుస్తూ చెంగల్రాయుడు. చింతపండులో గింజలు తీస్తూ ఆయన భార్య ప్రమీలమ్మ. గోడకానుకుని వక్కాకు నములుతూ ఆయన తల్లి నాగమ్మ. పొద్దున బస్సుకే కుప్పం నుంచి దిగిన ప్రమీలమ్మ అక్క కూతురు కల్పన. ఇక కంప్యూటరు ముందు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చెంగల్రాయుడి మేనకోడలు అమరావతి.

అమరావతి నిమ్మనపల్లె దగ్గర పల్లెటూరి పిల్ల. పదో తరగతి పరీక్షలు రాసి, 2005 ఎండాకాలం సెలవులకు మామ ఇంటికొచ్చింది. నలుగురున్నచోట నోరు పెగలదు. బడిలో హాజరు పలికినా సారుకు వినపడక రెండోసారి పిలిచేవాడు. అలాంటి పిల్ల గొంతు మదనపల్లె బస్టాండులో రోజంతా మోగుతుందంటే ఎవరు నమ్ముతారు?

చెంగల్రాయుడు తన తల్లి చేత, ఊళ్లలోని ఆడవాళ్ల చేత పెండ్లి పాటలు పాడించి సీడీలు అమ్మేవాడు. మదనపల్లె అంగళ్లవాళ్లు ఒకటి కొని నూరు కాపీలు తీసేవాళ్లు. వాళ్ల ఆట కట్టించడానికి ఆయన పాటల మధ్యలో ఒక మాట పెట్టించాడు. “ఆగండి! ఈ పాట ప్రమీలా ఆడియోస్, పుంగనూరు వారిది.” ఆ మాట పలికింది అమరావతి. పదిహేడుసార్లు పలికితే ఒకటి కుదిరింది. మామ వెంట మదనపల్లె పోయి బస్టాండులో తన గొంతు విన్నప్పుడల్లా ఆ పిల్ల తల వంచుకునేది, కానీ లోపల మనసు గంతులేసేది. ఎవరికీ తెలియకుండా ఊరంతా తిరిగే గొంతు తనది.

ఆ మాటను పాటల మీద అతికించే పని కూడా ఆమెదే. పాటంతా వినాలి. అవ్వ నాగమ్మ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, వంతపాడేవాళ్లు ఎక్కడ అందుకుంటారో కనిపెట్టి, ఆ సందులో ఆ ముక్కను ఇరికించాలి. మొత్తం నూట ఇరవై పాటలు. పన్నెండు రోజుల్లో ముప్పై ఒకటి అయ్యాయి. అయినవి అయినట్టే సీడీలకెక్కి అంగళ్లకు పోతున్నాయి.

“ఒక్కో పాటా వినుకుంటా పెడ్తాండావా?” వెనక నిలబడి అడిగింది కల్పన.

అమరావతి తలూపింది.

“అయ్యో నీ రాత! నడుసుకుంటా తిరపతికి పోయేదాని మాదిరుండావే. లేయ్, సూస్తా.”

కల్పన కుప్పంలో కంప్యూటరు చదువు చదువుతోంది. ఆ అతికించే పని కంప్యూటరే చేసుకునేట్టు రెండు గంటలు టకటకా ఏదో రాసింది. పాటలు ఎక్కడున్నాయో చూపించింది, అతికించాల్సిన మాట ఎక్కడుందో చూపించింది, ఎంతసేపటికొకసారి అన్నచోట మూడు నిమిషాలని కొట్టింది. ప్రమీలమ్మ కాఫీ కాచి తెచ్చేలోపల తెర మీద పాటల పేర్లు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి. నూట ఇరవై!

“యేమబ్బా ఇది!” చెంగల్రాయుడు నోరెళ్లబెట్టాడు. “అమరాకైతే ఎండాకాలమంతా సాలదు.”

“మా అక్క కూతురంటే యేమనుకుంటిరి మరి,” అంది ప్రమీలమ్మ.

“మాటకూడా నీ గొంతుతోనే పెట్టమ్మా కల్పనా,” అన్నాడు చెంగల్రాయుడు. “ అమరాది పిల్లి గొంతు. నీదైతే నాలుగు వీధులకు వినపడ్తాది.”

కల్పన మైకు అందుకుని ఒక్కసారే పలికింది. ఒక్కసారికే కుదిరింది. అమరావతి కాఫీగ్లాసు తాగకుండానే కింద పెట్టేసింది. పని పోతే పోయింది, చేతులకు విశ్రాంతి. గొంతు కూడా లాక్కోవాలా? ఈమెకు కుప్పముంది, కాలేజీ ఉంది, నలుగురిలో నవ్వే నోరుంది. తనకున్నది ఆ ఒక్క మాటే.

“రేపు ఈ గొంతుతో మళ్లీ అన్నిటికీ కొడ్తా. అమరా, నువ్వు ముప్పై పాటలు సేసినావు గదా, నేను సూసుకోవాల్సింది ఇంకేమన్నా ఉండాదా?” అని అడిగింది కల్పన.

ఉంది. అవ్వ పాడిన అప్పగింతల పాట. అందులో మూడో నిమిషానికి గడప చరణం వస్తుంది. ఆ చరణం అందుకోగానే పెండ్లికూతురు గడప దాటాలి, ఈ పక్క పల్లెల్లో అదే ఆనవాయితీ. దాటే బిడ్డను ఎవరూ వెనక్కి పిలవరు. పెట్టె మరిచిపోయినా పిలవరు, ఒకరు పరుగెత్తి అందిస్తారు. అందుకే అమరావతి ఆ పాట జోలికి పోలేదు.

ఇప్పుడక్కడ “ఆగండి!” అని అరిచేది కల్పన గొంతు. అరవనీ.

“యేమీ లేదు వదినా,” అంది.

ఎనిమిదో రోజు చౌడేపల్లె నుంచి ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. కూతురి పెండ్లికి సీడీ కొన్న లక్ష్మీదేవమ్మ దిగింది.

“చెంగల్రాయుడూ! యాడుండావప్పా?”

“రామ్మా, యేమాయ?”

“యేమాయనా? నీ సీడీ పాడతాండాది, మా పాప గడప దాటతాండాది. ఒక కాలు బయట పెట్టిందో లేదో, ‘ఆగండి!’ అని మైకు అరిసె. ఊరంతా నిలబడిపాయ. మా వియ్యంకుడు కారెక్కిన మనిషి దిగి, ఇంకో మంచి దినం సూసుకోని వస్తామని ఎల్లిపాయ. మూడు దినాలైంది. పాప ఇంట్లోనే ఉండాది, అన్నం ముట్టదు!”

చెంగల్రాయుడి ముఖం పాలిపోయింది. కల్పన గుమ్మంలో బొమ్మలా నిలబడింది. అమరావతి మనసు మాత్రం పండగ చేసుకుంటోంది. ఆ ఊపులోనే చెంబుతో నీళ్లు తీసుకుని నలుగురి మధ్యకు వచ్చి, ఎన్నడూ లేనిది, స్పష్టంగా పలికింది.

“నీళ్లు తాగండమ్మా.”

లక్ష్మీదేవమ్మ చెంబు అందుకోలేదు.

“ఇదే. ఈ గొంతే!”

“నాది గాదు,” అంది అమరావతి తడబడుతూ. “వదినది...”

“నాది నేనే తీసేసినా,” అంది కల్పన. “రెండూ పక్కపక్కన పెట్టి విన్నా. నాది కండక్టరు టికెట్ టికెట్ అన్నట్టుండాది. నీది ఇంట్లో మనిషి పిలిసినట్టుండాది. సిన్నాయనకు సెప్పకుండా నీదే పెట్టినా.”

అమరావతి చెంబు కింద పెట్టి గోడవైపు జరిగింది.

మూలనుంచి నాగమ్మ అందుకుంది. “మా అమరా ఆ పాటలో ఆ మాట పెట్టదే! పోయే బిడ్డను పిలవగూడదు తల్లీ అని నేనే సెప్పి ఉంటి. పాపం, ఎంత జాగర్తగా సేసేది.”

మనవరాలిని వెనకేసుకొచ్చాననుకుంది ముసలమ్మ.

“అంటే నీకు తెలుసు,” అంది కల్పన మెల్లగా. “నేను అడిగినా గదా అమరా.”

అమరావతి తల దించుకుంది. రోజూ దించుకునేది సిగ్గుతో. ఇది సిగ్గు కాదు.

“ఆ పిల్ల గొంతు ఇంగ మా పక్క వినపడగూడదు,” అంది లక్ష్మీదేవమ్మ, ఆటో వైపు నడుస్తూ.

“వినపడదు తల్లీ,” అన్నాడు చెంగల్రాయుడు. మేనకోడలి వైపు చూడనైనా చూడలేదు. “కల్పనా, అన్నిట్లోనూ తీసెయ్. నీదే పెట్టు.”

కల్పన కంప్యూటరు గదిలోకి నడిచింది. అమరావతి వెనకే పరుగెత్తింది.

“వదినా, యాడ పెట్టగూడదో నేను సెప్తా. నూట ఇరవైకీ సెప్తా.”

“ఇప్పుడా?” అంది కల్పన, తలుపు మూసేసింది.