ముందు తూకం, తర్వాత పర్చీ

సూరిబాబు లెక్కలో ఒక లారీ అంటే నాలుగు నిమిషాలు. కాంటా మీదికి ఎక్కడానికి ఒకటి, కదలకుండా నిలబడటానికి ఒకటి, తూకం రాసిన చీటీ, అదే పర్చీ, రావడానికి అర, దిగి దారి ఇవ్వడానికి ఒకటిన్నర. భన్‌పురిలో లారీలు తూచే మిగతా కాంటాల దగ్గర ఇదే పనికి నాలుగు నిమిషాల నలభై సెకన్లు పట్టేది. ఆ నలభై సెకన్లు ఎలా మిగులుతున్నాయో ఇద్దరికే తెలుసు. ఒకరు సూరిబాబు. ఇంకొకరు క్యాబిన్లో కూర్చుని మీటలు నొక్కే ఆయన భార్య తాయారమ్మ.

రోజుకు తొంభై లారీలు. తొంభై నలభైలు కలిపితే సరిగ్గా గంట. అందరికీ దేవుడు రోజుకు ఇరవై నాలుగు గంటలే ఇచ్చాడు, తను మాత్రం ఇరవై ఐదు రాబట్టుకున్నానని సూరిబాబుకు లోలోపల మహా గర్వం. పలాస నుంచి రైల్వే గ్యాంగ్‌మన్‌గా వచ్చిన తండ్రికి కొడుకు కూడా రైల్వేలోనే చేరాలని ఉండేది. కొడుకేమో గుఢియారీలో టార్పాలిన్ల దుకాణం పెట్టి, అక్కణ్ణుంచి ఈ కాంటా దాకా వచ్చాడు.

అలాంటి మనిషికి కొత్త డబ్బా వచ్చిన నాటి నుంచి నిద్ర తక్కువైంది. డబ్బా అంటే కాంటాకు మెదడు. ప్లాట్‌ఫాం మీది బరువు చదివేది అదే, బయట ఎర్రబోర్డు మీద అంకె చూపించేది అదే, పర్చీ కొట్టేదీ అదే. శంకర్ నగర్‌లో ఒక చిన్న కంపెనీ వాళ్లు తయారుచేస్తారు. పాత డబ్బా కన్నా మూడింతలు చురుకు. కాకపోతే రోజుకు రెండు మూడుసార్లు కొయ్యబారిపోయేది. బోర్డు మీద అంకె ఎక్కడిదక్కడ ఆగేది, ఏ మీటా పలికేది కాదు. ప్లగ్గు పీకి పెడితే తేరుకోవడానికి ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో లారీల వరస రోడ్డెక్కి, హారన్లు మొదలయ్యేవి.

బుధవారం నాడు రోలింగ్ మిల్లు డిస్పాచ్ మేనేజరు సాహు స్వయంగా వచ్చాడు. తొంభై లారీల్లో అరవై ఆయనవే.

"సేఠ్‌జీ, శనివార్ కో ఆకే దేఖూఁగా. ఏక్ బార్ భీ అటకా, తో సోమ్‌వార్ సే గాడీ దూస్‌రీ తరఫ్," అన్నాడు.

శనివారం వచ్చి చూస్తాడట. ఆ రోజు ఒక్కసారి ఆగినా సోమవారం నుంచి ఆ అరవై లారీలూ వేరే కాంటాకు. తొంభైలోంచి అరవై పోతే మిగిలే ముప్ఫైతో కరెంటు బిల్లు కూడా మోయలేనని సూరిబాబుకు కాగితం అక్కర్లేకుండానే తెలుసు.

గురువారం పొద్దున్నే కంపెనీ నుంచి ఎస్తేరు వచ్చింది. ఇరవై ఏడేళ్లుంటాయి. కాకినాడ వాళ్లు, తల్లి రైల్వే ఆసుపత్రిలో నర్సు. డబ్బాను లోపల్నుంచి నడిపే ప్రోగ్రాం, కెర్నెల్, పని తనదేనని చెప్పి, ల్యాప్‌టాప్ తెరిచి, డబ్బాకు ఒక తీగ తగిలించి క్యాబిన్లో ఓ మూల కూర్చుంది.

"మీ పని మీరు చేసుకోండి పిన్నిగారూ. నేను లేననుకోండి," అంది తాయారమ్మతో.

సూరిబాబు భార్యను బయటికి పిలిచి గొంతు తగ్గించాడు. "అమ్మాయి ఉన్నంతసేపూ పద్ధతిగా నొక్కు. ఇనబడిందా?"

"పద్ధతంటే?"

"కాగితంలో రాసినట్టు."

డబ్బాతో పాటు ఇచ్చిన వారంటీ కాగితంలో ఒక నియమం ఉంది. లారీ ఎక్కేటప్పుడు గానీ దిగేటప్పుడు గానీ, బోర్డు మీద అంకె కదులుతుండగా ఏ మీటా నొక్కకూడదు. నొక్కితే వారంటీ చెల్లదు. కింద సూరిబాబు సంతకం. ఆ నలభై సెకన్ల రహస్యమంతా ఆ నియమం తప్పడంలోనే ఉంది. మిల్లు వాళ్లకు ప్రతి లారీకీ రెండు పర్చీలు కావాలి. ఒకటి ఆఫీసుకు, ఒకటి డ్రైవరుకు. అందరూ రెండూ కొట్టాకే తర్వాతి లారీని పిలుస్తారు. తాయారమ్మ మాత్రం ఒకటి కొట్టి లారీని దించేసేది. వెనక లారీ ముందు చక్రాలు కాంటా ఎక్కుతుండగా రెండో పర్చీ మీట నొక్కి, గేటు దగ్గర ఆగిన డ్రైవరుకు అందించేది.

గురువారమంతా తాయారమ్మ పరీక్ష రాస్తున్నట్టు నొక్కింది. డబ్బా ఒక్కసారీ ఆగలేదు. సాయంత్రం ఎస్తేరు స్కూటీ మలుపు తిరిగింది, పాత పద్ధతి మొదలైంది, ఇరవై నిమిషాల్లో డబ్బా కొయ్యబారింది.

"సూసినావా? ఈ డబ్బా పెళ్లిచూపుల్లో కూకున్నట్టు కూకుంది పగలంతా," అని తాయారమ్మ ప్లగ్గు పీకుతూ విరగబడి నవ్వింది.

సూరిబాబుకు నవ్వు రాలేదు.

శుక్రవారం కూడా అంతే. పదకొండింటికి టీ వచ్చింది. ఎస్తేరు గ్లాసు పట్టుకుని తెర వంకే దిగులుగా చూస్తోంది.

"ఏటమ్మా, దొరికిందా?" అన్నాడు సూరిబాబు.

"లేదండి బాబాయ్ గారూ. రోగమేంటో తెలుసు, ఎక్కడుందో కనబడట్లేదు."

"రోగం ఏటో నాకు అర్థమయ్యేలా సెప్పగలవా?"

"ఎందుకు చెప్పలేను? కెర్నెల్ అంటే ఈ డబ్బాలో మేస్త్రీ. దాని కింద చాలామంది పనివాళ్లు. ఒకడు బరువు చూస్తాడు, ఒకడు పర్చీ కొడతాడు. ఒకే వస్తువు మీద ఇద్దరూ ఒకేసారి చెయ్యి వేస్తే లెక్క పాడవుతుంది కదా, అందుకని తాళాలు పెట్టాం. తూకానికి ఒకటి, ప్రింటరుకు ఒకటి. ఎవడి చేతిలో తాళం ఉంటే వాడే ముట్టుకోవాలి. ఒకడు తూకం తాళం పట్టుకుని ప్రింటరు తాళం కోసం చూస్తున్నాడనుకోండి. ఇంకొకడు ప్రింటరు తాళం పట్టుకుని తూకం తాళం కోసం చూస్తున్నాడనుకోండి..."

సూరిబాబు గ్లాసు కింద పెట్టాడు. "ఓర్నీ! ఇది మా గుఢియారీ దుకాణం కథ!"

"అదేంటండి?"

"గోడౌన్ తాళంచెవి ఒకటే, ఠేలా బండీ ఒకటే. ఇద్దరు పనోళ్లు. ఒకడు చెవి తీసుకుని బండి కోసం కూకున్నాడు. రెండోవాడు బండి పట్టుకుని చెవి కోసం కూకున్నాడు. నువ్వియ్యంటే నువ్వియ్యి. నానెళ్లేసరికి పన్నెండైంది. ఇద్దరూ చెరో నాలుగు టీలు తాగేసి, అవతలోడే పని సెయ్యట్లేదని నామీద పడ్డారు!"

ఎస్తేరు పడీ పడీ నవ్వింది. "మరి మీరేం చేశారు?"

"ఏటి సేస్తాను? రూలు పెట్టినాను. ఎవడైనా సరే ముందు చెవి, తర్వాతే బండి. చెవి లేనోడు బండి మీద చెయ్యెయ్యకూడదు. ఆనాటి నుంచి ఒక్కపూటా ఆగలేదు."

"మాదీ అదే రూలండి! ముందు తూకం తాళం, తర్వాతే ప్రింటరు తాళం. కానీ మా వాళ్లు రాసిన దాంట్లో ఎక్కడో ఒకడు వరస తప్పి ముందు ప్రింటరు తాళం లాగేసుకుంటున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకోవడానికి కెర్నెల్లోనే ఒక కాపలావాడున్నాడు. వరస తప్పితే చాలు, డబ్బా ఆగకపోయినా అరిచి చెప్తాడు. కాకపోతే ఆ దారిలో ఒక్కసారైనా ఎవరో నడవాలి. రెండు రోజులైంది, ఎవరూ నడవట్లేదు. నా వల్ల కావట్లేదేమో అనిపిస్తోంది. మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ చేసి, దొరకలేదని చెప్పేస్తాను."

సూరిబాబు లేచి బయటికి వచ్చి నిలబడ్డాడు. ఆ దారిలో నడిచేది ఎవరో ఆయనకు తెలుసు. వేళ్లు మడిచాడు. చెప్తే వారంటీ పోతుంది. డబ్బా బాగుచేసే భారం తన నెత్తిన పడుతుంది. చెప్పకుండా పద్ధతిగా నొక్కితే రోజుకు గంట పోయి వరస రోడ్డెక్కుతుంది, పాత పద్ధతిలో నొక్కితే రేపు డబ్బా ఆగుతుంది, ఎటైనా సోమవారం అరవై లారీలు వెళ్లిపోతాయి. ఇంతవరకు రెండు వేళ్లే. మూడో వేలు ఒకటి మిగిలింది. లోపల ఆ పిల్ల తన చేతకానితనమని అనుకుంటోంది. దీన్ని ఏ వైపు వెయ్యాలో ఆయనకు పాలుపోలేదు. ఎటు వేసినా లెక్క చెప్పమనే వైపే తూగింది.

లోపలికి వెళ్లాడు. "తాయారూ, నీ పద్ధతిలో నొక్కు."

"ఏటి? అమ్మాయి ఉండగానా?"

"ఉండగానే."

ఎస్తేరు తలెత్తింది. సూరిబాబు వారంటీ కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టి, నియమం మీద వేలు పెట్టాడు. "ఇది నేను తప్పుతున్నాను తల్లీ. రోజుకు తొంభైసార్లు. రెండు రోజులు నీకు దాచిపెట్టినాను. ఇంక నీ ఇష్టం."

ఎస్తేరు కాగితం చదివింది. ఆయన ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు. ఆమె కుర్చీలోంచి ఎగిరినంత పనిచేసింది.

"బరువు కదులుతున్నప్పుడు రెండో పర్చీనా! అలా ఎవరూ నొక్కరనే కదండీ మేం అసలు చూడలేదు! పిన్నిగారూ, లారీ రానివ్వండి, నొక్కండి!"

లారీ ముందు చక్రాలు కాంటా ఎక్కాయి. తాయారమ్మ మీట నొక్కింది. డబ్బా ఆగలేదు, పర్చీ వచ్చింది. కానీ ల్యాప్‌టాప్ తెర మీద వరసలు వరసలుగా అక్షరాలు జారాయి.

"అరిచాడు! కాపలావాడు అరిచాడు!" అని ఎస్తేరు చప్పట్లు కొట్టింది. రెండో పర్చీ కొట్టేవాడు ముందు ప్రింటరు తాళం తీసుకుంటున్నాడు. కాంటా నిలకడగా ఉంటే పేచీ లేదు. బరువు కదులుతోందంటే మాత్రం, ఆ ప్రింటరు తాళం వదలకుండానే తూకం తాళం అడుగుతున్నాడు. సరిగ్గా అదే క్షణంలో తూకంవాడు ఎదురైతే ఇద్దరూ కొయ్యలే.

వరస మార్చి రాయడానికి పది నిమిషాలు పట్టింది. డబ్బా మళ్లీ లేవడానికి ఆరు. తాయారమ్మ నొక్కింది. కాపలావాడు మళ్లీ అరిచాడు.

"ఏటమ్మా, బాగైందన్నావు!"

"ఇది వేరే తప్పండి. ఈ కాపలావాడు ఒక తప్పు చెప్పి నోరు మూసుకుంటాడు. అది సర్ది, డబ్బా మళ్లీ లేపితేనే రెండోది చెప్తాడు. ఎర్రబోర్డుకూ ఒక తాళం ఉంది, ఈసారి వరస తప్పింది దాని దగ్గర."

మధ్యాహ్నం మిల్లు భోజనాల వేళ, ఖాళీగా ఉన్న ఒక లారీ డ్రైవరును బతిమాలి కాంటా మీద ముందుకూ వెనక్కూ నడిపించారు. ఆరోసారికి అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "కా హోగిస్ సేఠ్? ఝూలా ఝులావత్ హవ్ కా?" అని, తనను ఉయ్యాల ఊపుతున్నట్టుందని నవ్వాడు. ఇరవైసార్లు ఊగాడు. నాలుగింటికి మూడో తప్పు కూడా పోయింది. ఆ తర్వాత తాయారమ్మ ఎన్నిసార్లు నొక్కినా తెర మీద అక్షరం కదల్లేదు. ఎస్తేరు తన టిఫిన్ డబ్బా అప్పుడు తెరిచింది. తాయారమ్మ దాన్ని లాక్కుని మూసేసి, వేడన్నం పెట్టింది.

శనివారం సాహు కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నాడు. తొంభై నాలుగు లారీలు. తాయారమ్మ తొంభై నాలుగుసార్లూ వెనక చక్రం ఎక్కకముందే నొక్కింది. కొన్నిసార్లు అవసరం లేకపోయినా కసికొద్దీ నొక్కింది. సాయంత్రం సాహు లేచి, కుర్చీ తనే మడిచి ఇచ్చి, "సోమ్‌వార్ సే సత్తర్ గాడీ భేజూఁ?" అన్నాడు. అరవై కాదు, డెబ్భై.

సోమవారం ఎస్తేరు కాగితాలు పట్టుకుని వచ్చింది. ఒకటి కొత్త వారంటీ. పాత నియమం అందులో లేదు. "డబ్బా మనుషుల్ని ఓర్చుకోవాలి గానీ, మనుషులు డబ్బాని కాదని మా సారుతో పోట్లాడానండి," అంది. రెండోది కెర్నెల్లో చేసిన మార్పు గురించిన చీటీ. మార్చినవారు ఎస్తేరు. కింద, లోపం తెలిపినవారు సూరిబాబు. పరీక్షించినవారు తాయారమ్మ.

"నువ్వు తెలిపినావంతే. నొక్కింది నేను," అంది తాయారమ్మ.

"ఈ చీటీ ఎవరు సదువుతారమ్మా?" అన్నాడు సూరిబాబు, పేరు మీద వేలు రాస్తూ.

"మా డబ్బాలున్న అన్ని కాంటాలకూ వెళ్తుందండి. రెండు వందల పది. బరువు ఎక్కుతుండగా రెండో పర్చీ కొట్టుకోవచ్చని కూడా అందులో రాశాం."

సూరిబాబు వేలు ఆగిపోయింది. రెండు వందల పది. అంటే రేపటి నుంచి పక్క కాంటావాడికీ రోజుకు గంట. తన ఇరవై ఐదో గంట ఊరందరిదీ అయిపోయింది. ఒక్క క్షణం ముఖం వాడింది. అంతలోనే బయట వరస కట్టిన సాహు లారీలు కనిపించాయి. గట్టిగా నవ్వేశాడు.

"ఎందుకా నవ్వు?" అంది తాయారమ్మ.

"ఏటీ లేదు. ఆ గేటు కర్ర ఎత్తడానికి ఎంతసేపు పడతందో ఓసారి గడియారం సూసి సెప్పు. ఆళ్లంతా ఈ చీటీ సదివేలోపు ఇంకో ఇరవై సెకన్లు తియ్యాల!"